ఎజ్ గ్రామానికి రైలా, బస్సా?

ప్రశ్న: దక్షిణ ఫ్రాన్స్‌లోని నీస్ నుంచి దగ్గర్లోని ఎజ్ గ్రామానికి వెళ్లాలి. పైన గ్రామం, చుట్టూ కొండ, రెండూ చూడాలి. అమ్మకు మోకాళ్ల నొప్పి. ఎజ్ స్టేషన్‌లో దిగితే చాలా?

జవాబు 1: చాలామంది పొరబడేది అక్కడేనండీ. ఎజ్-సుర్-మేర్ స్టేషన్ సముద్రం ఒడ్డున ఉంది, గ్రామం దాదాపు 430 మీటర్ల ఎత్తున. మధ్యలో ఉన్నది జర్మన్ తత్త్వవేత్త నీషే పేరు పెట్టిన కాలిబాట: గంట నుంచి గంటన్నర ఎక్కుడు, నీడ తక్కువ, దారిలో మంచినీళ్లు దొరకవు. అమ్మగారికి వద్దే వద్దు. నీస్‌లో వోబాన్ అనే బస్ స్టాప్ నుంచి 82 నంబర్ బస్సు నేరుగా గ్రామం దగ్గర దింపుతుంది.

జవాబు 2: బస్సు దిగాక కూడా మెట్లే, గుండ్రాళ్లు పరిచిన సందులే, లోపలికి వాహనాలు రావు. చక్రాల సూట్‌కేసు తేకండి. శిఖరాన ఉన్న ఎడారి మొక్కల తోటకు టికెట్టుంది. 1706లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కూల్పించిన కోట శిథిలాల మధ్య, 1949లో వేసిన తోట అది. అమ్మగారికి అంత ఎత్తు కష్టమైతే కింద చర్చి దగ్గరే కూర్చోవచ్చు. పొద్దున్నే వెళ్లండి, పదిన్నర దాటితే ఆ సందుల్లో భుజాలు రాసుకోవాల్సిందే.

జవాబు 3: మీకు కాలిబాట కావాలంటే తిరుగుదారిలో ఒక్కరే దిగండి, అమ్మగారిని బస్సెక్కించి. దిగడం తేలికనుకోకండి: సున్నపురాయి అరిగి నున్నగా ఉంటుంది, వాన పడితే జారుతుంది. పట్టున్న బూట్లు, మనిషికి లీటరున్నర నీళ్లు. వేసవిలో కార్చిచ్చు హెచ్చరిక ఉందేమో ముందు చూసుకోండి.