హైప్‌తో వచ్చిన అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ కోచ్‌లలో నిజంగా నిలబడినవాళ్ళు ఎంతమంది?

లింకన్_నాని
ఇక్కడ మాస్టర్స్‌కి వచ్చి శనివారం గేమ్‌లకి అలవాటు పడిపోయినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు కదా, మీ యూనివర్సిటీకి పెద్ద పేరుతో వచ్చిన కోచ్ చివరికి ఏం చేశాడో రాయండి. నార్త్ కరోలైనాలో కోచ్ బిల్ బెలిచిక్‌ని చూశాక అడగాలనిపించింది. ఎన్ఎఫ్ఎల్‌లో (ప్రొఫెషనల్ లీగ్) హెడ్ కోచ్‌గా 6 సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) కొట్టిన మనిషి, 2025లో ఫస్ట్ గేమే టీసీయూ (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మీద 48-14తో పోయింది, సీజన్ 4-8తో (4 గెలుపులు, 8 ఓటములు) అయిపోయింది.

మా కథ స్కాట్ ఫ్రాస్ట్. నెబ్రాస్కా కుర్రాడే, 1997లో మాకు నేషనల్ టైటిల్ వచ్చినప్పుడు క్వార్టర్‌బ్యాక్ ఆయనే, పైగా 2017లో యూసీఎఫ్‌ని (సెంట్రల్ ఫ్లోరిడా) 13-0 చేసి మరీ వచ్చాడు, ఇంకేం కావాలి, ఊరు ఊరంతా నెత్తిన పెట్టుకుంది. చివరికి లెక్క 16-31. 2021 అయితే తలుచుకుంటేనే బాధ, 3-9, ఆ తొమ్మిది ఓటములూ పది పాయింట్ల లోపు తేడాతోనే. 2022లో డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్ మీద 28-17 లీడ్‌లో ఉండి ఏ అవసరమూ లేకుండా ఆన్‌సైడ్ కిక్ (బాల్ మళ్ళీ మనకే దొరకాలని దగ్గరగా కొట్టే రిస్కీ కిక్) కొట్టించాడు, బాల్ వాళ్ళకి దొరికింది, మ్యాచ్ 31-28తో వాళ్ళదైంది. రెండు వారాలకి జార్జియా సదర్న్ అనే చిన్న టీమ్ వచ్చి 642 యార్డులు కొట్టి మా స్టేడియంలోనే 45-42తో గెలిచింది, మర్నాడే తీసేశారు. అక్టోబర్ 1 దాకా ఆగితే బయౌట్ (మధ్యలో తీసేస్తే కోచ్‌కి కట్టాల్సిన డబ్బు) సగానికి తగ్గేది, అయినా ఆగలేదు, దాదాపు 1.5 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడ్డారు, అంతగా విసిగిపోయారు జనం.

ఆగీ_శ్రీను
నానీ, మా టెక్సాస్ ఎ అండ్ ఎం ముందు అది చిన్న మొత్తం. ఫ్లోరిడా స్టేట్‌తో 2013 టైటిల్ గెలిచిన జింబో ఫిషర్‌ని 10 ఏళ్ళకి 7.5 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్నారు, అంతా గ్యారంటీ డబ్బే. ఆయన వచ్చిన కొత్తలో ఛాన్సలర్ ఒక ఫలకం చేతికిచ్చాడు, నేషనల్ ఛాంపియన్స్ అని రాసి ఉంది, సంవత్సరం దగ్గర మాత్రం 20 వేసి పక్కన ఖాళీ వదిలారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

మొదట్లో బాగానే నడిచింది, 2020లో 9-1 చేశాం, అది చూసి 2021లో కాంట్రాక్ట్ ఇంకా పొడిగించి జీతం పెంచారు. నాకు కోపం అక్కడే. 2022లో దేశంలోనే నంబర్ వన్ రిక్రూటింగ్ క్లాస్ (కొత్తగా చేర్చుకున్న ప్లేయర్ల బ్యాచ్) తెచ్చాడు, అదే ఏడాది అప్పలాచియన్ స్టేట్ అనే చిన్న టీమ్ మా స్టేడియం కైల్ ఫీల్డ్‌కి వచ్చి 17-14తో కొట్టి వెళ్ళింది, సీజన్ 5-7. అఫెన్స్‌లో ఏ ప్లే ఆడాలో ఏళ్ళ తరబడి తనే చెప్తానని పట్టుబట్టాడు, 2023లో ఆ పని బాబీ పెట్రినోకి ఇచ్చేసరికి ఆలస్యమైపోయింది. నవంబర్‌లో పంపేశారు, బయౌట్ 7.5 కోట్ల పైనే.

ఆన్ఆర్బర్_అక్క
మీ ఇద్దరివీ చదివితే కోచ్‌ని మార్చడమే మందు అనిపిస్తుంది, మా మిషిగన్‌లో తిరగబడింది. జిమ్ హార్బా 2015లో వచ్చాడు, మొదటి 5 సార్లూ ఒహాయో స్టేట్ చేతిలో ఓడాడు, 2020లో 2-4. మా ల్యాబ్‌లో అప్పట్లో రోజూ ఇదే గొడవ, తీసేయాలని సగం మంది. స్కూల్ తీసేయలేదు, కొత్త కాంట్రాక్ట్ ఇచ్చింది కానీ బేస్ జీతం 80 లక్షల నుంచి 40 లక్షల డాలర్లకి తగ్గించింది, ఆయన ఒప్పుకున్నాడు. డిఫెన్స్‌కి మైక్ మెక్‌డొనాల్డ్‌ని తెచ్చాడు. 2021 నవంబర్‌లో మంచు పడుతుంటే ఒహాయో స్టేట్‌ని 42-27తో కొట్టాం, హసన్ హాస్కిన్స్ ఒక్కడే 5 టచ్‌డౌన్‌లు. 2023లో 15-0, టైటిల్. ఆ సీజన్‌లో సస్పెన్షన్‌లు, సైన్ స్టీలింగ్ (ఎదుటి టీమ్ సైగల్ని దొంగచాటుగా పట్టేయడం) గొడవ ఉన్నాయి, ఆ మచ్చ దాచాల్సిన పని లేదు, కానీ ఓపిక పట్టడం తప్పు కాలేదు.

లింకన్_నాని
అక్కా, ఓపిక మేమూ పట్టాం. 2021 తర్వాత ఫ్రాస్ట్ కూడా అఫెన్స్ స్టాఫ్‌ని మార్చాడు, జీతం తగ్గించుకున్నాడు. తేడా ఎక్కడంటే హార్బా మొదటి 4 సీజన్లలో మూడు సార్లు 10 మ్యాచ్‌లు గెలిచాడు, మాకు ఒక్క ఏడాది కూడా గెలుపులు ఓటముల కంటే ఎక్కువ కాలేదు. కింద ఆ పునాది ఉంటేనే వెయిట్ చేయడంలో అర్థం ఉంటుంది. కోచ్ నిక్ సేబన్ కూడా 2007లో అలబామాలో లూసియానా మన్రో అనే చిన్న టీమ్ చేతిలో ఓడిపోయాడు, కానీ అంతకుముందే ఎల్ఎస్‌యూలో (లూసియానా స్టేట్) టైటిల్ కొట్టి ఉన్నాడు.

బౌల్డర్_బిడ్డ
మా డియాన్ సాండర్స్ సంగతి ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు అన్నా. ఆయన రాకముందు 2022ల కొలరాడో 1-11. వచ్చినంక ఫస్ట్ గేమ్‌లనే టీసీయూని 45-42తోని కొట్టిండు, దేశమంత మా దిక్కే చూసింది, ఆ సీజన్ 4-8తోని ముగిసింది. 2024ల 9-4, ట్రావిస్ హంటర్‌కు హైస్మన్ (దేశంల బెస్ట్ ప్లేయర్ అవార్డ్). హంటరూ, కోచ్ కొడుకు షెడూరూ ఎన్ఎఫ్ఎల్‌కు పోయినంక 2025ల 3-9. నా లెక్కల కోచ్ ఫెయిల్ కాలే, కానీ ఇద్దరు పిల్లల మీద నిలబెట్టిన టీమ్ వాళ్ళు పోతే కూలుతది. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌ల నుంచి (వేరే కాలేజ్‌ల నుంచి మారే ప్లేయర్ల లిస్ట్) ఏటేటా తెచ్చుకునుడు కాదు, లైన్‌ను హైస్కూల్ పిల్లలతోని కట్టాలె.

బ్లూమింగ్టన్_బుజ్జి
పోర్టల్‌ని అంత మాట అనకు బ్రో. ఇండియానాకి కోచ్‌గా కర్ట్ సిగ్నెటీ వచ్చినప్పుడు ఇక్కడ చాలామందికి పేరు కూడా తెలీదు. తను అంతకుముందు కోచ్‌గా చేసిన జేమ్స్ మాడిసన్ ప్లేయర్లని వెంటబెట్టుకుని వచ్చాడు, అంతా పోర్టల్ ద్వారానే, 2023లో 3-9 ఉన్న టీమ్ 2024లో 11-2, ప్లేఆఫ్ కూడా ఆడింది. హెడ్ కోచ్‌గా పనిచేసిన ప్రతి చోటా ఆయన గెలిచాడు, చిన్న డివిజన్ల నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చాడు. నెబ్రాస్కాకి వచ్చేనాటికి ఫ్రాస్ట్ హెడ్ కోచ్ అనుభవం యూసీఎఫ్‌లో రెండేళ్ళే కదా. ఒక్క మెరుపు సీజన్ చూసి ఉద్యోగం ఇచ్చేది ఎందుకో, పదేళ్ళ రికార్డ్ చూసి ఇవ్వొచ్చుగా.

ఆగీ_శ్రీను
బుజ్జీ, రికార్డ్ చూసి ఇచ్చినా గ్యారంటీ లేదురా. నోటర్‌డేమ్ చరిత్రలోనే ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన బ్రయన్ కెల్లీని ఎల్ఎస్‌యూ 10 ఏళ్ళకి 9.5 కోట్లిచ్చి తెచ్చుకుంది, 2025 అక్టోబర్‌లో తీసేసింది, అప్పటికి ఇంకా 5 కోట్ల డాలర్ల పైగా బాకీ. తీసేసే ముందు ఆఖరి గేమ్ మా చేతిలోనే, బాటన్ రూజ్‌లో 49-25. ఆ రోజు మా సైడ్‌లైన్‌లో ఉన్నది మైక్ ఎల్కో, జింబో దగ్గరే డిఫెన్స్ చూసుకుని, తర్వాత డ్యూక్‌లో హెడ్ కోచ్‌గా చేసి వచ్చినవాడు. ఆయన పేరు ప్రకటించిన రోజు మా గ్రూపులో పెద్దగా సందడే లేదు, 2025 సీజన్ 11-0తో మొదలుపెట్టాడు.