పక్కింటి మడిలో పడుతున్న కోళ్లు: కంచె ఎవరు వేయాలి?

ప్రశ్న (దేవరకొండ మండలం):
పదిహేను నాటు పెట్టలు, మూడు పుంజులు ఉన్నయి. పక్కాయన తోటకూర, పాలకూర మడులన్నీ గీకి పెడుతున్నయి. ఇంకోసారి వస్తే బందెలదొడ్డికి (పంటలో పడ్డ పశువులను కట్టేసే దొడ్డికి) పంపిస్తానంటున్నడు, మందు కలిపిన గింజలు చల్లుతానని కూడా అన్నడు. కంచె ఆయన వేసుకోవాలా, నేను వేయాలా?

జవాబు 1:
అన్నా, బందెలదొడ్డి కోళ్లకు వర్తించదు. 1871 నాటి పశువుల చొరబాటు చట్టంలో బర్రెలు, గొర్రెలు, మేకలు, పందులు, గాడిదలు ఉన్నయి, కోడి లేదు. అట్లని మీకు బాధ్యత లేదనుకోవద్దు. మడి పాడైనందుకు ఆయన నష్టపరిహారం అడగొచ్చు. వాసన, ఈగలు చుట్టుపక్కల అందరికీ ఇబ్బందైతే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 152 కింద ఆర్డీవో ఆ ఇబ్బందిని తొలగించమని ఆర్డర్ ఇవ్వొచ్చు. కాబట్టి కంచె మీరే వేయండి. ఇక విషం పెట్టి కోళ్లను చంపడం నేరం. బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 325 కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. గొడవ పెట్టుకోకుండా ఈ మాట పెద్దమనుషుల ముందు చెప్పండి.

జవాబు 2:
ఆరు కోణాల సన్న కోళ్ల జాలి కోడిని ఆపుతది గానీ కుక్కను, ముంగిసను ఆపదు. కింది రెండడుగులకు అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ (అతుకు పెట్టిన గట్టి తీగ జాలి), పైన మామూలు జాలి, మొత్తం ఆరడుగులు. కింది అంచును బయటి వైపు ఒక అడుగు మడిచి మట్టి కప్పండి. తవ్వే జంతువు సరిగ్గా కంచె మొదట్లోనే తవ్వుతది, అక్కడ జాలి తగిలి ఆగిపోతది.

నాటుకోడి ఆరడుగులు సులువుగా ఎగురుతది. పైన వల కప్పండి, లేకుంటే ఒక్క రెక్కకే పెద్ద ఈకలు సగానికి కత్తిరించండి. రెండు రెక్కలూ కత్తిరిస్తే తూకం చెడదు, మళ్లీ ఎగురుతది. మొదలు దగ్గర రక్తం కనిపించే కొత్త ఈకల జోలికి పోవద్దు.

పద్దెనిమిదింటికి గూడు 40 చదరపు అడుగులు, తిరిగే జాగా 180 దాకా ఉండాలి.

జవాబు 3:
వాసనంతా గూట్లో పరిచిన ఊక తడిస్తేనే. నీళ్ల డబ్బా ఒలికిన చోట గడ్డకట్టిన ఊకను అదే రోజు తీసేయండి. దాని మీదే సున్నం చల్లితే అమోనియా ఇంకా లేస్తది. మిర్యాలగూడ మిల్లుల ఊక దొరికితే నాలుగంగుళాల మందం పరిచి, వారానికి రెండుసార్లు తిరగేయండి.

పదిహేను పెట్టలకు మూడు పుంజులు ఎక్కువ, రెండింటిని అమ్మేయండి. పిల్లలు వద్దు, గుడ్లు చాలనుకుంటే ఆ ఒక్కటీ అక్కర్లేదు, పెట్ట పుంజు లేకున్నా గుడ్డు పెడతది. తెల్లారుజాము కూతల గొడవా ఉండదు.