ఆర్‌బీఐ సర్వేలో జనం నమ్మకం పెరిగిందంట, అది చూసి రెండో షాపు తీయొచ్చా?

బెజవాడ_ఏసీ_షాపు (ఏప్రిల్ 2024):

అందరికీ నమస్కారం. విజయవాడలో ఫ్రిజ్‌లు, ఏసీలు, వాషింగ్ మెషీన్లు అమ్మే చిన్న షాపు నాది, పదకొండేళ్ల నుంచి నడుపుతున్నాను. ఈ నెల మొదట్లో ఆర్‌బీఐ వాళ్ళు వినియోగదారుల నమ్మకం సర్వే విడుదల చేశారు కదా. మార్చిలో ప్రస్తుత పరిస్థితి సూచీ 98.5కి వచ్చింది, 2019 మధ్య నుంచి చూస్తే ఇదే ఎక్కువంట. వచ్చే ఏడాది మీద ఆశల సూచీ అయితే 125.2. ఇదే ప్రస్తుత సూచీ 2021 మేలో 48.5కి పడిపోయింది. ఆ రోజులు నేను మర్చిపోలేను, షట్టర్ సగం దించి కూర్చునేవాళ్ళం, జీతాలు ఇవ్వలేక ఇద్దరు కుర్రాళ్ళను ఊరికి పంపేశాను, వాళ్ళలో ఒకడు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మా డిస్ట్రిబ్యూటర్ ఈ అంకెలే చూపించి గుడివాడలో రెండో షాపు తీయమంటున్నాడు. బ్యాంకులో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ వాడుకునే అప్పు) లిమిట్ పెంచుతామన్నారు గానీ ఇల్లు తనఖా పెట్టాలి. ఎండలకు ఏసీలు పోతున్న మాట నిజమే. కానీ పేపర్లో చదివేదానికీ నేను కౌంటర్లో చూసేదానికీ పొంతన కుదరడం లేదు. మొన్న ఒకే రోజు పెద్ద టీవీలు రెండు పోయాయి, అదే రోజు పాత మిక్సీని మూడోసారి రిపేరుకు తెచ్చినావిడను కొత్తది తీసుకోమ్మా అంటే "ఈ నెల కాదులే బాబూ" అంది. నమ్మకం పెరిగిందంటే నిజంగా జనం చేతిలో డబ్బు ఆడుతున్నట్టేనా? తెలిసినవాళ్ళు చెప్పండి, నిద్ర పట్టడం లేదు.

నల్గొండ_లెక్కల_మాస్టారు:

తమ్ముడూ, ముందు ఆ సర్వే ఎవర్ని ఏం అడుగుతుందో చూడు. 19 నగరాల్లో సుమారు ఆరు వేల మందిని అడుగుతారు. మన రెండు రాష్ట్రాల్లో కలిపి ఆ జాబితాలో ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. విజయవాడ లేదు, విశాఖ లేదు, కాబట్టి గుడివాడ సంగతి ఆ అంకె నీకు చెప్పలేదు.

అడిగేవి ఐదు విషయాలు: దేశ ఆర్థిక పరిస్థితి, ఉద్యోగాలు, ధరలు, సొంత ఆదాయం, ఖర్చు. ఒక్కోదానికీ మెరుగైందన్న వాళ్ళ శాతంలోంచి దిగజారిందన్న వాళ్ళ శాతం తీసేసి, ఐదింటికీ సగటు కట్టి, దానికి 100 కలుపుతారు. అంటే 100 దగ్గర రెండు వైపులా సమానం. 98.5 అంటే పైకి వచ్చిన మాట నిజమే గానీ, మొత్తం మీద నిరాశ వైపే ఇంకా కాస్త మొగ్గు ఉంది. పేపర్ల హెడ్డింగుల్లో ఈ ముక్క కనపడదు, నాకు బాధ కలిగేది అక్కడే.

ఇంకోటి, ఈ ప్రస్తుత సూచీకి ప్రతి ప్రశ్నా "ఏడాది కిందటితో పోలిస్తే" అనే అడుగుతారు. పోలిక దేనితో అన్నది ఎంత తేడా తెస్తుందో చెబుతాను విను. 2020 ఏప్రిల్-జూన్‌లో దేశ జీడీపీ 26.95 లక్షల కోట్లు, 2021లో అదే మూడు నెలల్లో 32.38 లక్షల కోట్లు. 20.1 శాతం వృద్ధి అని అప్పట్లో ఎంత సంబరం చేశారో! కానీ 2019లో అవే మూడు నెలల్లో 35.66 లక్షల కోట్లు ఉండేది. మూడూ అప్పటి ప్రభుత్వ లెక్కలే. 20 శాతం పెరిగాక కూడా రెండేళ్ల కిందటి చోటికి చేరలేదు. నమ్మకం సర్వే కూడా అంతే, దిశ చెబుతుంది, ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పదు.

ఖర్చు దగ్గర ఒక మెలిక ఉంది, అది నువ్వు వ్యాపారివి కాబట్టి బాగా పట్టించుకోవాలి. ఖర్చు పెరిగిందని జవాబిస్తే సూచీ పైకే పోతుంది. ఇంట్లో పప్పు, నూనె, స్కూలు ఫీజు పెరిగి ఖర్చు పెరిగినా పైకే. ధరల ప్రశ్న దాన్ని కిందకు లాగుతుంది, నిజమే, అయినా పెరిగిన ఖర్చంతా ఇష్టపడి పెట్టిన ఖర్చు కాదు. అందుకే ఆ నివేదికలో తప్పనిసరి ఖర్చు, తప్పనిసరి కాని ఖర్చు అని విడివిడిగా పట్టికలు ఉంటాయి. నువ్వు అమ్మేవి రెండో రకం. ఆ పట్టిక తీసి చూడు.

అలాగని సర్వే తప్పని నేను అనను. 48.5 నుంచి 98.5 అంటే కోట్ల ఇళ్లలో ఊపిరి ఆడింది. దాని మీద ఇల్లు తాకట్టు పెట్టొచ్చా అన్నది మాత్రం వేరే ప్రశ్న.

కూకట్‌పల్లి_కార్ల_సేల్స్:

మాస్టారూ, మీ లెక్కలు కాదనను గానీ నమ్మకాన్ని అంత తేలిగ్గా తీసేయకండి. నమ్మకం వస్తేనే కదా మనిషి బయటికొచ్చి కొనేది. మొన్న ముగిసిన 2023-24లో దేశంలో కార్లు, ఎస్‌యూవీలు కలిపి 42.18 లక్షలు అమ్ముడయ్యాయి, ఇంతకు ముందెప్పుడూ అంత పోలేదు. కరోనాకు ముందు 2018-19లో 33.77 లక్షలే. ఇది సర్వే కాదు, కంపెనీల నుంచి డీలర్లకు నిజంగా చేరిన బళ్ల లెక్క. మా షోరూమ్‌లో కొన్ని మోడళ్లకు నెలల తరబడి వెయిటింగ్ ఉంది. 2021 చివర్లో భయపడి స్టాకు పెట్టనివాళ్ళు తర్వాత ఎంత బిజినెస్ పోగొట్టుకున్నారో నేను చూశాను. అన్నా, మరీ భయపడితే వ్యాపారం చేయలేం.

నల్గొండ_లెక్కల_మాస్టారు:

నువ్వు చెప్పిన కార్ల లెక్క ఉన్న జాబితాలోనే బైకులు, స్కూటర్ల వరస కూడా చూడు బాబూ. 2018-19లో 2.12 కోట్లు, 2023-24లో 1.80 కోట్లు. ఐదేళ్లయినా పాత లెక్కకు చేరలేదు. మధ్యలో బీఎస్-6 (బండి పొగ మీద కొత్త నిబంధనలు) వచ్చి, ఇన్సూరెన్స్ పెరిగి బండి రేటు బాగా పెరిగిందనుకో, కానీ రేటు పెరిగినా కారు కొనేవాడు ఆగలేదు, బైకు కొనేవాడు ఆగిపోయాడు. ఇతని కౌంటర్లో కనిపించింది కూడా అదే, పెద్ద టీవీ పోతోంది, మిక్సీ రిపేరుకు వస్తోంది. ఫిబ్రవరి 29న వచ్చిన ప్రభుత్వ అంచనాలో 2023-24 జీడీపీ వృద్ధి 7.6 శాతం, జనం సొంత ఖర్చు పెరిగింది 3 శాతం. ఆ రెండు అంకెలకూ మధ్య ఉన్న దూరమే నాకు దిగులు.

తెనాలి_తాకట్టు_కౌంటర్:

అన్నయ్యా, నేను గోల్డ్ లోన్ కౌంటర్లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. కోలుకున్నారా లేదా అన్నది నాకు రెండు రకాల మనుషుల్లో తెలుస్తుంది. అసలు, వడ్డీ కట్టేసి వస్తువు విడిపించుకెళ్ళేవాళ్ళు ఒక రకం. వడ్డీ మాత్రం కట్టి అదే వస్తువు మళ్ళీ రాయించుకునేవాళ్ళు ఇంకో రకం. ఈ మధ్య బంగారం బాగా పెరిగింది, పది గ్రాములు 70 వేలు దాటింది కదా, దాంతో అదే గొలుసు మీద ఇంకొంచెం వస్తుందా అని అడిగి తీసుకెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళను సర్వేవాళ్ళు అడిగితే చేతిలో డబ్బుంది, పోయినేడు కంటే పర్వాలేదు అనే చెబుతారు, ఆ పూటకు అది నిజమే కూడా.

ఆర్‌బీఐ లెక్కల్లోనే కుటుంబాల నికర ఆర్థిక పొదుపు (దాచిన డబ్బులోంచి చేసిన అప్పు తీసేస్తే మిగిలేది) 2020-21లో జీడీపీలో 11.5 శాతం ఉంటే 2022-23కి 5.1 శాతానికి పడింది. కరోనా ఏడాది బయటకు పోలేక దాచినది కాబట్టి 11.5 మామూలు అంకె కాదు, ఒప్పుకుంటాను, కానీ 5.1 చాలా తక్కువ. కొంతమంది ఇళ్లు కొనుక్కోవడానికి పెట్టారు, కొంతమంది అప్పు చేసి వాడేశారు. పోయిన నవంబరు 16న ఆర్‌బీఐయే హామీ లేని వినియోగ రుణాల మీద రిస్క్ వెయిట్ 100 నుంచి 125 శాతానికి పెంచింది, అంటే బ్యాంకులు వాటి కోసం ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలి. భయం లేకపోతే అలా చేయరు కదా.

మీ బిల్లులు తీసి చూసుకోండి. ఎన్ని సొంత డబ్బుతో కొన్నవి, ఎన్ని జీరో డౌన్‌పేమెంట్ మీద పోయినవి, వాటిలో కిస్తీ ఎన్ని బౌన్స్ అవుతున్నాయో మీ షాపులో కూర్చునే ఫైనాన్స్ కుర్రాడికి తెలుసు, టీ తాగుతూ అడగండి. ఇల్లు మాత్రం తాకట్టు పెట్టొద్దు, దండం పెడతాను.

డాలస్_గోదారోడు:

ఇక్కడ అమెరికాలో దీనికి తిరగేసిన కథ జరిగింది. మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళ వినియోగదారుల నమ్మకం సూచీ 2022 జూన్‌లో 50కి పడింది, అప్పటిదాకా అంత కిందకు ఎప్పుడూ పడలేదు. ఆ నెలలో నిరుద్యోగం 3.6 శాతం, ఉద్యోగాలు దొరుకుతూనే ఉన్నాయి. మరి ఎందుకంత దిగులు అంటే, గ్యాలన్ పెట్రోలు ఐదు డాలర్లు అయింది, కిరాణా బిల్లు చూస్తే గుండె దడ. వస్తుంది వస్తుందన్న మాంద్యం 2023లో రాలేదు. కాబట్టి సూచీ పడిందని షాపు మూసేయకూడదు, పెరిగిందని తెరవనూ కూడదు. రోజూ కొనే వస్తువు రేటును బట్టి జనం మనసు మారుతుంది, జీతం సంగతి తర్వాత తడుతుంది.

బెజవాడ_ఏసీ_షాపు:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. చెల్లి చెప్పినట్టు రెండు రాత్రులు కూర్చుని పోయిన రెండేళ్ల బిల్లులు తీశాను. పది బిల్లుల్లో దాదాపు ఆరు ఫైనాన్స్ మీదే పోతున్నాయి, ముందటేడు నాలుగే. పెద్ద ఫ్రిజ్‌లు, పెద్ద టీవీలు పెరిగాయి, సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు తగ్గాయి. మొత్తం అమ్మకం పెరిగింది కాబట్టి ఇన్నాళ్లూ నేను లోపలికి చూడలేదు. ఫైనాన్స్ కుర్రాడు కిస్తీల సంగతి చెప్పడానికి ముందు మొహమాటపడ్డాడు, తర్వాత చెప్పాడు, బౌన్స్ అయిన కిస్తీల్లో గుడివాడ వైపు నుంచి వచ్చి కొన్నవాళ్ళవి ఎక్కువ ఉన్నాయి.

కార్ల తమ్ముడి మాట కూడా కొట్టిపారేయను, అందుకే ఈ వేసవికి ఉన్న షాపులోనే ఏసీల స్టాకు కాస్త పెంచుతున్నాను, అదీ సొంత డబ్బుతో. గుడివాడ ఆపేశాను. డిస్ట్రిబ్యూటర్‌కు కోపం వచ్చింది, పర్వాలేదు. చెల్లీ, ఖరీఫ్ వడ్ల డబ్బులు చేతికొచ్చాక మీ కౌంటర్లో వస్తువు విడిపించుకెళ్ళేవాళ్ళు పెరిగారో లేదో ఒకసారి ఇక్కడే రాస్తావా? షాపు సంగతి అప్పుడు మళ్ళీ ఆలోచిస్తాను.