బరువులూ బటన్లూ మార్చుకునే వైర్‌లెస్ గేమింగ్ మౌస్‌కు అంత ధర పెట్టవచ్చా?

పగటిలెక్కలు:
నా పాత వైరు మౌస్‌ను పక్కన పెట్టి వైర్‌లెస్ గేమింగ్ మౌస్ కొనాలనుకుంటున్నాను. పగలంతా ఎక్సెల్‌లో లెక్కల పని, రాత్రి డోటా 2 ఆట, సెలవు రోజుల్లో వాలరెంట్ అనే కాల్పుల ఆట నా వాడకం. లాజిటెక్ జీ502 లైట్‌స్పీడ్‌లో 11 బటన్లకు మనకు కావలసిన పనులు అప్పగించుకోవచ్చు, 114 గ్రాముల మౌస్‌లో మరో 16 గ్రాముల దాకా చిన్న బరువులు అమర్చుకోవచ్చు. అదే కంపెనీ జీ ప్రో ఎక్స్ సూపర్‌లైట్ 63 గ్రాములలోపే ఉంటుంది గానీ అందులో మార్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ మార్చుకునే సౌకర్యం నిజంగా రోజూ పనికివస్తుందా, లేక కొత్త మోజు తీరాక మూలన పడుతుందా అన్నది వాడినవారు చెప్పాలని మనవి.

గురిచూపు:
నా ఉద్దేశంలో అది దండగ ఖర్చు. మౌస్‌కు బరువు కలపాలన్న ఆలోచన ఎంత పాతబడిందో తెలియాలంటే 2022లో వచ్చిన జీ502 ఎక్స్‌ను చూడండి. ఆ కంపెనీయే బరువుల అరను ఎత్తివేసి, వైర్‌లెస్ రకాన్ని సుమారు 102 గ్రాములకు తగ్గించింది. డీపీఐ (మౌస్ ఒక్క అంగుళం కదిలితే పాయింటర్ ఎన్ని పిక్సెళ్లు జరగాలన్న లెక్క) సంగతీ అంతే. పెట్టె మీద 25,600 అని ఘనంగా వేస్తారు; ఆ లెక్కన మౌస్‌ను ఒక్క అంగుళం జరిపితే, 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెరను పాయింటర్ పదమూడు సార్లు దాటిపోవాలి. 800 దగ్గర పెట్టుకుంటే అదే తెరను దాటడానికి 2.4 అంగుళాలు సరిపోతాయి, చేతికి అదుపూ ఉంటుంది. గురి చూసి కాల్చే ఆటలకు తేలికపాటి మౌస్, రెండు సైడ్ బటన్లు, మంచి ప్యాడ్ ఉంటే చాలు.

బొటనవేలు:
గురిచూపు గారు బరువుల గురించి చెప్పినదానితో నాకు పేచీ లేదు. నేనూ వాటిని ఒకసారి అమర్చి, తీసి, డబ్బాలో పెట్టేశాను. కానీ మార్చుకునే సౌకర్యమంటే బరువులొక్కటే అన్నట్టు తీర్పు చెప్పడం న్యాయం కాదు. ప్రశ్న అడిగినవారు పగలంతా ఎక్సెల్‌లో ఉంటానంటున్నారు, అసలు లాభం అక్కడే ఉంది. జీ502లో చక్రం వెనుక ఉన్న చిన్న మీట నొక్కితే చక్రం పట్టు వదిలి ధారాళంగా తిరుగుతుంది. వేల వరుసల షీటులో అడుగుకు చేరడానికి ఒక్క తోపు చాలు. అదే చక్రాన్ని పక్కలకు వాల్చి, అడ్డంగా జరగడానికో, ఒక షీటు నుంచి మరో షీటుకు మారడానికో కేటాయించుకోవచ్చు. విలువలను మాత్రమే అతికించే ఆదేశాన్ని నేను బొటనవేలి కింద పెట్టుకున్నాను. ఒక బటన్‌ను నొక్కి పట్టుకుని ఉంటే మిగతావన్నీ రెండో పని చేసే వీలు కూడా ఉంది కాబట్టి, బటన్ల సంఖ్య దాదాపు రెట్టింపైనట్టే.

డోటాలో మాత్రం కాస్త ఆచితూచి పెట్టుకోవాలి. గురి తప్పకూడని మంత్రాన్ని బొటనవేలికి అప్పగిస్తే, నొక్కే క్షణంలో మౌస్ పక్కకు కదిలి దెబ్బ ఎటో పోతుంది. గురితో పనిలేని వస్తువులకు, ఉదాహరణకు బ్లాక్ కింగ్ బార్‌కు, ఆ బటన్లు బాగా నప్పుతాయి. ఇంకా ఎక్కువ బటన్లు కావాలనుకునేవారికి 2020లో వచ్చిన రేజర్ నాగా ప్రో ఉంది. దాని పక్క పలకను తీసి, 2, 6, 12 బటన్ల పలకల్లో కావలసినది తగిలించుకోవచ్చు. అయితే పన్నెండు బటన్లను కంటితో చూడకుండా గుర్తుపట్టడం అందరికీ అబ్బే విద్య కాదు.

ఎడమచేయి:
ఈ చర్చల్లో మా వంటివారి ఊసే రాదు. జీ502 వంపు కుడిచేతికే, నాగా ప్రో కూడా అంతే. 2018 నాటి జీ ప్రో వైర్‌లెస్‌లో సైడ్ బటన్లను విప్పి ఏ పక్కనైనా బిగించుకునే వీలుండేది. 2020లో సూపర్‌లైట్ వచ్చేసరికి ఎడమ పక్క బటన్లు మాత్రమే మిగిలాయి, అంటే కుడిచేతివారి బొటనవేలికి అందేవి. గ్రాములు తగ్గాయని అందరూ చప్పట్లు కొట్టారు, మేము రెండు బటన్లు పోగొట్టుకున్నాం. గురిచూపు గారికి ఈ సౌకర్యం దండగ అనిపించడానికి కారణం, కంపెనీలు మొదటి నుంచీ ఆయన చేతికే కొలత తీసుకోవడం.

గురిచూపు:
ఎడమచేయి గారి మాటను ఒప్పుకుంటాను, ఆ కోణం నాకు తట్టలేదు. అయితే బటన్లకు మాక్రోలు కట్టడంలో ఉన్న ప్రమాదాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. 2024 ఆగస్టులో ఆటల కంపెనీ వాల్వ్ తన కాల్పుల ఆట కౌంటర్‌స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో, ఒక్క నొక్కుతో అనేక చర్యలు దానంతటవే జరిగే ఏర్పాట్లను నిషేధించింది. అక్కడ మాక్రో వాడితే ఆట మధ్యలోనే బయటికి పంపుతారు.

బొటనవేలు:
ఆ నిషేధం ఆ ఆటకు సంబంధించినది. ఒక బటన్‌కు కీబోర్డులోని ఒకే మీటనో, ఒకే ఆదేశాన్నో కేటాయించుకోవడం మాక్రో కిందికి రాదు, నేను చెప్పినవన్నీ ఆ కోవలోవే.

టంకంపని:
పక్క పలకల దగ్గరే ఆగిపోయారు గానీ, మౌస్‌లో మార్చుకోవలసిన అసలు భాగం క్లిక్ స్విచ్. మా మరమ్మతు బల్ల మీదికి వచ్చే గేమింగ్ మౌస్‌లలో ఎక్కువ వాటి జబ్బు ఒకటే: ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది. మామూలు స్విచ్‌లో సన్నని లోహపు రేకు కిందికి వంగి మరో లోహపు మొనను తాకుతుంది. తాకిన ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్ల పాటు అదురుతుంది, ఆ అదురును లెక్కలోకి తీసుకోకుండా మౌస్ లోపలి ప్రోగ్రామ్ కాస్త ఆగి చూస్తుంది. రేకు అరిగి, మొన మీద పొర కట్టాక అదురు ఆ గడువును దాటి, రెండో క్లిక్‌గా నమోదవుతుంది. ఆప్టికల్ స్విచ్‌లలో కాంతి దారి మూసుకోవడమో తెరుచుకోవడమో సంకేతం కాబట్టి ఈ బాధ ఉండదు. జీ502 ఎక్స్‌లోనూ లోహపు రేకు అనుభూతిని ఉంచి, సంకేతాన్ని కాంతికి అప్పగించారు.

విప్పడమూ తేలిక కాదు. మరలు చాలా మౌస్‌లలో అడుగున అతికించిన జారుడు పట్టీల కింద దాక్కుని ఉంటాయి, ఒకసారి పీకిన పట్టీ మళ్లీ చదునుగా అతుక్కోదు, కొత్త జత తెచ్చుకోవలసిందే. వారంటీ ఉండగా విప్పితే అది పోయినట్టే. ఆ తరువాత మూడు కాళ్ల స్విచ్‌ను టంకం కరిగించి ఊడదీయాలి. అసుస్ రోగ్ గ్లాడియస్ 3 వైర్‌లెస్‌లో ఈ టంకం తతంగం లేదు. స్విచ్‌లు సాకెట్లలో కూర్చుంటాయి, పట్టకారుతో లాగి కొత్తవి నొక్కేయవచ్చు. మెకానికల్, ఆప్టికల్ రెండు రకాలూ అందులో పడతాయి, బరువు 89 గ్రాములు. అదనపు ధర పెట్టదలచుకుంటే నేను ఇటువంటి సౌకర్యానికి పెడతాను, ఎందుకంటే బటన్లు పది ఉన్నా ఎడమ క్లిక్ చెడితే మౌస్ చెడినట్టే.

పగటిలెక్కలు:
అందరికీ ధన్యవాదాలు. బరువుల మాట మరిచిపోతున్నాను. బొటనవేలు గారూ, మా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ వేసుకోనివ్వరు. అప్పుడు ఈ బటన్ల అమరిక పనిచేస్తుందా? డాంగిల్‌ను (మౌస్ సిగ్నల్ అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్కను) ఇంట్లో కేబినెట్ వెనుక గుచ్చితే సిగ్నల్ ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

బొటనవేలు:
ఇంటి కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ వేసి, అమరికను మౌస్‌లోని మెమరీలో భద్రపరచుకుంటే ఆఫీసులో దానంతటది పనిచేస్తుంది. కాకపోతే ఎక్సెల్ తెరిస్తే ఒక అమరిక, ఆట తెరిస్తే మరొకటి దానంతటదే మారే సౌకర్యం సాఫ్ట్‌వేర్ లేనిచోట ఉండదు. పగటికొకటి, రాత్రికొకటి పెట్టుకుని, ఒక బటన్‌తో మీరే మార్చుకోవాలి. డాంగిల్‌ను మాత్రం కేబినెట్ వెనుక పెట్టకండి. యూఎస్‌బీ 3.0 పోర్టుల నుంచి వెలువడే రేడియో రొద మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు అడ్డుతగులుతుంది. పొడిగింపు తీగతో డాంగిల్‌ను ప్యాడ్ పక్కకు తెచ్చుకోండి.

టంకంపని:
ఒక్క మాట. 2019 నాటి జీ502 లైట్‌స్పీడ్‌కు ఛార్జింగ్ మైక్రో యూఎస్‌బీతోనే, జీ502 ఎక్స్ వైర్‌లెస్‌లో టైప్-సి ఇచ్చారు. పాతది తక్కువ ధరకు దొరికిందని తొందరపడే ముందు ఆ పోర్టు సంగతి చూసుకోండి, వదులైపోయిన మైక్రో పోర్టులు కూడా మా దగ్గరికి బాగానే వస్తాయి.