సమస్యాపూరణం: “వెనుక మాటలాడు వీఁడె హితుఁడు”

నిర్వాహకుడు (విశాఖ, ఎంవీపీ కాలనీ; తక్కిన కవులకూ వారి పేటల పేర్లే): చాటున మాటలాడేవాడిని లోకం చాడీకోరు అంటుంది. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల మా ముందుగదిలో 5.1 (ఐదు స్పీకర్లు, ఒక బేస్ పెట్టె) హోమ్ థియేటరు అమర్చుకొంటూ, వెనుక పెట్టవలసిన రెండు స్పీకర్లను చెరొక చేత పట్టుకొని, ఒక పక్క బాల్కనీ తలుపు, మరొక పక్క బీరువా అడ్డురాగా ఎటూ తోచక నిలబడి ఉన్నప్పుడు ఈ పాదం స్ఫురించింది. సముద్రపు గాలికి పాత తీగల రాగి కొసలు పచ్చబారగా, వాటిని బ్లేడుతో గీకుతూనే యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడవలసిన జోడక్షరం) సరిచూసుకొన్నాను. పూరణలు స్పీకర్లను విడిచి పోరాదని మనవి.

గాజువాక:

నూట పదియు డిగ్రి చోట నిలిపినంత
వాన చినుకు సడియె వచ్చి తడిపె
ముందువాఁడు కథను మోయుచుండఁగ నిట్లు
వెనుక మాటలాడు వీఁడె హితుఁడు

మద్దిలపాలెం: రెండవ పాదం చదివి గొడుగు వెతుక్కొన్నాను, అంతవరకు అభినందనలు. కోణం కూడ ఒప్పే, ఎందుకంటే ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) వారి బీఎస్.775 సిఫారసు ఈ స్పీకర్లకు, వినేవాడికి ఎదురుగా ఉన్న నడిమి స్పీకరు నుండి కొలిస్తే, 100 నుండి 120 డిగ్రీల మధ్య చోటు ఇచ్చింది. అయితే సంభాషణ ప్రధానంగా నడిమి స్పీకరు సొత్తు. వానచప్పుడు, జనఘోష, ప్రతిధ్వని వంటివే తక్కినవారి పాలు. కథానాయకుడి మాటలు వీపు వెనుక నుండి వినిపించాయంటే, తీగలు తారుమారయ్యాయని అనుమానించాలి. కవిగారి వాన తడిపిందే తప్ప మాటలాడలేదు. గత నెల “కైలాసగిరి”ని గణం కోసం “కైలసగిరి”గా కుదించినవారికి ఇది చిన్న లోపమే కావచ్చు. నా ప్రయత్నం:

గోడ కానుకొనుచు కూరుచుండెడి చోట
చెవికి మూర పైన చేరి నిలిచి
గుసగుసలను పంపు గుట్టుగా నిరువంక
వెనుక మాటలాడు వాఁడె హితుఁడు

గాజువాక: కైలాసగిరి కొండ చెక్కుచెదరలేదు, కాని మీ చేతిలో సమస్యయే మారిపోయింది. “వె”కు “వీ” చెల్లుతుంది, “వా” చెల్లదు. ఇచ్చిన పాదాన్ని ఎత్తిరాయడంలోనే యతి పోగొట్టుకొన్న కవిని ఇంతవరకు చూడలేదు. ఇక భావం మాటకు వస్తే, గోడకు ఆనుకొని కూర్చున్నవాడికి వెనుక ఉండేది గోడ ఒక్కటే. అటువంటి ఇంట స్పీకర్లు చెవులకు ఇరుపక్కల గోడలకు ఎక్కవలసిందే, లేదా సోఫాను ఒకటి రెండు అడుగులు ముందుకు జరపవలసిందే. అలా జరిపితే గోడ దగ్గర పేరుకొనే బేస్ (మంద్రధ్వని) గుయ్యిమనడం కూడ కొంత తగ్గుతుంది. మూర అంటే అడుగున్నర, చెవికి పైన సాధారణంగా చెప్పే ఎత్తు రెండు అడుగులు. నా వానకు నోరు లేదన్నవారు గుసగుసలు ఎక్కడి నుండి తెచ్చారో కూడ సెలవివ్వాలి.

సీతమ్మధార: మీరిద్దరూ “వెనుక” అన్న మాటను గదిలో వెతుకుతున్నారు గాని, గడియారంలో చూడలేదు. నిర్వాహకులవారి గదిలో ముందు స్పీకర్లు 9 అడుగుల దూరాన, వెనుకవి 4 అడుగుల దూరాన ఉన్నాయనుకొందాం. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, ఆ 5 అడుగుల తేడాకు దగ్గరి శబ్దం దాదాపు 4.5 మిల్లీసెకండ్లు ముందుగా చేరుతుంది. ముందు చేరిన శబ్దం వైపే చెవి మొగ్గు చూపుతుందని 1949లో హెల్ముట్ హాస్ నిరూపించాడు. అందుచేత స్పీకర్లకు ధ్వని పంచే పెట్టె అయిన రిసీవరులో దూరాలు సరిగా నమోదు చేస్తే, అది దగ్గరివాడిని ఆ కాస్సేపు ఆపుతుంది.

దూరమైనవాఁడు తొలుతఁ బలికి చేర
దగ్గరైనవాఁడు తాళి యుండి
తృటికి లెక్కఁ గట్టి తీరుగా వినిపించు
వెనుక మాటలాడు వీఁడె హితుఁడు

మద్దిలపాలెం: “వెనుక” అంటే “తరువాత” అన్న విరుపు నాకు తట్టనందుకు రాత్రి అన్నం సహించలేదు. “తృ”కు “తీ” వేసిన తీరు ముచ్చటగా ఉంది. అయినా “వినిపించు” అన్న వెంటనే “మాటలాడు” అనడం ఒకే పనికి రెండు కూలీలు ఇచ్చినట్లుంది.

గాజువాక: “వాఁడె” సంగతి ఇంకా తేలలేదని గుర్తుచేస్తున్నాను.

నిర్వాహకుడు: మా రిసీవరు తెరిచి చూడగా అన్ని స్పీకర్లకూ 10 అడుగులే రాసి ఉంది. టేపు పట్టి కొలిచి, ముందువాటికి 9, ఎడమ వెనుకదానికి 4, బీరువా మూలంగా పక్కకు జరిగిన కుడిదానికి 5 వేశాను. నిన్నటిదాకా చెవిలో కురిసిన వాన ఈ రాత్రి బాల్కనీ అవతల కురిసింది. మా ఆవిడ ఆరేసిన బట్టలు తీయడానికి లేచింది. సీతమ్మధార వారి పూరణను పైన ఉంచుతున్నాను. మద్దిలపాలెం వారు నాలుగవ పాదం సరిచేసి పంపితే వారిదీ చేరుస్తాను.

మద్దిలపాలెం: అది వేలు జారిన అక్షరం, మనవి చేసుకొంటున్నాను. “వీఁడె”. మూరను మాత్రం మార్చను. మా ఇంట సోఫా ఎత్తు.