ర్యాక్ కోరస్ సెండ్ మీద పెడితే వెడల్పు వస్తోంది, కానీ ప్యాడ్ సన్నబడుతోంది

ప్రశ్న: తంత్రీనాదం

రెండు బిబిడి లైన్లున్న (సిగ్నల్‌ని కాస్త ఆలస్యం చేసే అనలాగ్ చిప్‌లు) డైమెన్షన్ తరహా అనలాగ్ ర్యాక్ కోరస్‌ని (అసలు శబ్దానికి కొద్దిగా కదిలే కాపీలు కలిపే ఎఫెక్ట్) మిక్స్‌లో స్టీరియో వెడల్పు కోసం వాడుతున్నాను. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ 3-4 నుంచి పంపి, లైన్ ఇన్ 3-4లోకి తిరిగి తీసుకుంటున్నాను. సెషన్ 48 కిలోహెర్ట్జ్. రివర్బ్‌కి పెట్టినట్టే ఆక్స్ సెండ్ మీద పెట్టాను, అంటే అసలు ట్రాక్ అలాగే ఉండి దాని కాపీ యూనిట్‌కి వెళ్తోంది. కీబోర్డ్ ప్యాడ్ (నిలిచి మోగే మెత్తటి శబ్దం), వీణ రెండూ దాంట్లోకే వెళ్తున్నాయి, మోడ్ 4 (అన్నిటికంటే గాఢమైనది).

ప్యాడ్ వెడల్పవుతోంది కానీ గొట్టంలోంచి వస్తున్నట్టుంది. సెండ్ పెంచేకొద్దీ ఆ గొట్టం శబ్దం ఇంకా ఎక్కువ. వీణలో నిలిపిన స్వరాలు ఊగుతున్నాయి. పైగా సన్నటి హమ్. యూనిట్ 100 వోల్టులది, 110 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తోంది. ఏది ముందు చూడాలి?

జవాబు: ప్యాచ్‌బే

ముందు సెండ్ తీసేయండి. గొట్టం శబ్దం అక్కడిదే.

ఈ తరహా యూనిట్లకు మిక్స్ నాబ్ ఉండదండి. అవుట్‌పుట్‌లో కోరస్‌తో పాటు అసలు సిగ్నల్ కూడా వస్తుంది. రివర్బ్ రిటర్న్‌లో తడి శబ్దం (ఎఫెక్ట్ భాగం) ఒక్కటే ఉంటుంది కాబట్టి అది కాస్త ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు. ఇక్కడ అలా కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ప్యాడ్ ఒకటి, కన్వర్టర్లు దాటి తిరిగొచ్చిన అదే ప్యాడ్ మరొకటి, రెండూ కలిసి కోంబ్ ఫిల్టర్ అవుతాయి, అంటే సమాన దూరాల్లో కొన్ని ఫ్రీక్వెన్సీలు రద్దయి గుంటలు పడతాయి. తేడా 48 శాంపిళ్లు ఉంటే 1 మిల్లీసెకను. అంటే మొదటి గుంట 500 హెర్ట్జ్ దగ్గర, తర్వాతవి 1500, 2500, అలా పైకి. తేడా 6 మిల్లీసెకన్లయితే మొదటి గుంట 83 హెర్ట్జ్‌కే దిగుతుంది. సెండ్ పెంచితే రెండు కాపీల లెవెల్ దగ్గరవుతుంది, గుంటలు లోతవుతాయి. మీరు వింటున్నది సరిగ్గా అదే.

అందుకే దీన్ని ఇన్సర్ట్‌గా పెట్టాలి, అంటే ట్రాక్ మొత్తం యూనిట్ గుండానే వెళ్లాలి. కొంత మోతాదే కావాలనిపిస్తే లెవెల్ తగ్గించకండి, మోడ్ తగ్గించండి. లేదా ప్యాడ్‌లో ఒక పొరను మాత్రమే యూనిట్‌లోకి పంపి, రెండో పొరను పొడిగా (ఎఫెక్ట్ లేకుండా) ఉంచండి. రెండూ వేర్వేరు శబ్దాలైతే కోంబ్ సమస్య రాదు.

రెండు కాపీలూ తప్పనిసరిగా కలపాల్సి వస్తే లేటెన్సీ (సిగ్నల్ వెళ్లి తిరిగొచ్చే ఆలస్యం) కొలవాలి. యూనిట్‌ని పక్కన పెట్టి, అవుట్ 3 నుంచి ఇన్ 3కి నేరుగా ఒక కేబుల్ వేయండి. రీపర్‌లో రీఇన్సర్ట్, లాజిక్‌లో ఐ/ఓ ప్లగిన్‌కి పింగ్ (చిన్న శబ్దం పంపి ఆలస్యం కొలిచే బటన్) ఉంది. ఏబుల్టన్‌లో ఎక్స్‌టర్నల్ ఆడియో ఎఫెక్ట్‌లో లేటెన్సీ అంకె చేత్తో వేసుకోవాలి. కోరస్ ఆన్‌లో ఉండగా పింగ్ చేయకండి, కదిలే డిలేని సాఫ్ట్‌వేర్ తప్పుగా చదువుతుంది. తర్వాత యూనిట్‌ని మళ్లీ కలిపి, ఆఫ్ బటన్ నొక్కి, రిటర్న్ పొలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి), లెవెల్ సమం చేయండి. ప్యాడ్ దాదాపు మాయమైతే అమరిక కుదిరినట్టు. పైభాగం సీసీమని మిగిలితే ఒకటి రెండు శాంపిళ్ల తేడా ఇంకా ఉంది.

జవాబు: శ్రుతిలయ

వీణ సంగతి. దాన్ని ఈ యూనిట్ నుంచి బయటికి తీయండి.

1979 నాటి రోలాండ్ ఎస్‌డిడి-320 (అసలు డైమెన్షన్ డి యూనిట్) పని తీరు చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఒకే త్రిభుజాకార ఎల్‌ఎఫ్‌ఓ (నెమ్మదిగా ఊగే కంట్రోల్ తరంగం) రెండు డిలే లైన్లను ఎదురెదురుగా కదుపుతుంది. ఒకదాంట్లో డిలే పెరుగుతుంటే రెండోదాంట్లో తగ్గుతుంది. డిలే ఒక్క సెకనులో 2 మిల్లీసెకన్లు మారిందనుకోండి, పిచ్ 0.2 శాతం, అంటే సుమారు 3.5 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) జరుగుతుంది. ఒక వైపు పైకి, మరో వైపు కిందికి. అందుకే చెవికి ఊపు వినబడదు, వెడల్పే వినబడుతుంది. ప్యాడ్ మీద ఇంత అందంగా పని చేసే ఎఫెక్ట్ నాకింకొకటి తెలియదు.

కానీ 440 హెర్ట్జ్ స్వరం మీద 3.5 సెంట్లంటే అసలు సిగ్నల్‌తో సెకనుకు దాదాపు ఒక బీట్. ప్యాడ్‌లో అది నిండుదనం. వీణ మీద నిలిపిన షడ్జంలో మాత్రం శ్రుతి కదిలినట్టుంటుంది, గమకం ఎక్కడ ఆగిందో చెవికి చిక్కదు. తంబురకీ ఇదే మాట. వీణకి వెడల్పు కావాలంటే రెండో మైక్, లేదా పొట్టి రూమ్ రివర్బ్.

ప్యాడ్‌కి కూడా మోడ్ 4తో మొదలుపెట్టకండి. 1 లేదా 2 వేసి, కాసేపు విని, ఆఫ్ చేసి చూడండి. ఆఫ్ చేయగానే గది ఇరుకైనట్టు అనిపిస్తే మోతాదు సరిపోయినట్టే. పంపే ముందు 150 హెర్ట్జ్ దగ్గర లో-కట్ వేయండి, అడుగు మధ్యలో కదలకుండా ఉంటుంది.

జవాబు: సోల్డర్ గన్

హమ్ ఏ హెర్ట్జ్ దగ్గరుందో స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో చూడండి. 50 బలంగా ఉంటే గ్రౌండ్ లూప్, లేదా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఆడియో కేబుళ్లకి దగ్గరగా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని ర్యాక్ నుంచి ఒక మీటరు జరపండి, కేబుళ్లు బ్యాలెన్స్‌డ్‌కి మార్చండి. ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ తీయకండి. 100 దగ్గర ఉంటే రెక్టిఫయర్ తర్వాతి ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, మార్చాలి.

స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా మార్చండి. 230కి 110 ఇచ్చేది, లైన్ 245కి చేరితే 117 ఇస్తుంది. 100 వోల్టుల యూనిట్‌కి అది 17 శాతం ఎక్కువ, రెగ్యులేటర్ వేడెక్కుతుంది. 100 వోల్టుల సెకండరీ ఉన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ షాపులో చెప్పి చుట్టించుకోవచ్చు. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ వద్దు, అది మెయిన్స్ నుంచి వేరు చేయదు.

హమ్‌తో పాటు స్వరం ముగిసేటప్పుడు హిస్ కూడా లేచి పడిపోతుంటే అది కంపాండర్ (హిస్ తగ్గించడానికి సిగ్నల్‌ని నొక్కి మళ్లీ విప్పే సర్క్యూట్). లెవెల్ తక్కువగా పంపుతున్నారు. 1 కిలోహెర్ట్జ్ టోన్ మైనస్ 18 డిబిఎఫ్‌ఎస్ (డిజిటల్ గరిష్ఠ స్థాయికి 18 డెసిబెల్స్ కింద) దగ్గర పంపి, మీటర్ చూస్తూ పెంచండి. మరీ ఎక్కువైతే ముందు బిబిడి క్లిప్ అవుతుంది, స్వరం మొదట్లో చిట్లినట్టు వినబడుతుంది.

ప్రశ్నించినవారు: తంత్రీనాదం

ఇన్సర్ట్‌గా మార్చాను, గొట్టం పోయింది. హమ్ 50 దగ్గరే ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ జరిపితే చాలా తగ్గింది. ఇంకొక్కటి: ఫోన్ స్పీకర్‌లో మోనో వింటే కోరస్ దాదాపు పోతోంది. ఇది తప్పా?

జవాబు: ప్యాచ్‌బే

తప్పు కాదు, ఆ సర్క్యూటే అంత. ఒక్కో అవుట్‌పుట్‌లో ఎదుటి వైపు కోరస్‌ని పొలారిటీ తిప్పి కొంత కలుపుతారు. మోనో చేసినప్పుడు తడి భాగం చాలావరకు రద్దయి, అసలు ప్యాడ్ అలాగే మిగులుతుంది. 1976 నాటి బాస్ సిఇ-1లో ఒక అవుట్ పొడి, ఒకటి తడి. దాన్ని మోనో చేస్తే రెండూ కలిసి కదిలే కోంబ్ గట్టిగా వినబడుతుంది.

మోనోలో ప్యాడ్ లెవెల్ కూడా పడిపోతే మాత్రం రిటర్న్ కేబుళ్లలో ఒకటి హాట్, కోల్డ్ తారుమారై ఉంటుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ 2, 3 పిన్లు చూడండి.