కుగ్లర్ గారి పరిచయంలో పతకం సంగతి రాయాలా?

లైబ్రరీ అబ్బాయి:
మా వీధి లైబ్రరీలో గుంటూరు డాక్టర్ల గురించి బోర్డు పెడుతున్నాం. డాక్టర్ ఆనా సారా కుగ్లర్ గారి మీద నాలుగు లైన్లు రాశాను. 1883లో అమెరికా నుంచి వచ్చారు, 1898లో ఆసుపత్రి తెరిచారు, 1930లో ఇక్కడే పోయారు. బ్రిటిష్ ప్రభుత్వం 1905లో కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది, 1917లో మళ్ళీ గౌరవించింది. ఆ చివరి లైను తీసెయ్యమని కమిటీలో ఒకాయన పట్టుబట్టారు. మీరేమంటారు?

పల్నాటి మాస్టారు:
తీసెయ్యండి. 1905 అంటే బెంగాల్‌ని రెండు ముక్కలు చేసిన ఏడాది. అడవిలో పశువులు మేపినందుకు వేసే పుల్లరి పన్ను కట్టేది లేదన్నందుకు 1922లో మా కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపింది కూడా ఆ సర్కారే. గాంధీ గారికీ 1915లో ఈ పతకమే ఇచ్చారు. 1920లో ఆయన తిరిగిచ్చేశారు. మరి ఈవిడ?

తెనాలి రమ:
కైజర్-ఇ-హింద్ అంటే రావుబహదూర్ లాంటి బిరుదా?

లైబ్రరీ అబ్బాయి:
కాదండీ, పతకమే. ప్రజాసేవకి ఇచ్చేవారు.

రిటైర్డ్ నర్సు:
మాస్టారూ, ఆవిడ బ్రిటిష్ మనిషి కాదు. పతకం అడిగి తెచ్చుకోనూ లేదు. అప్పట్లో కాన్పు కష్టమైతే ఆడదాని గతేమిటో ఆలోచించండి. మంత్రసాని చేతులెత్తేస్తే ఇక దేవుడే దిక్కు. గోషా ఇళ్ళలోకి మగ డాక్టర్ని రానిచ్చేవారు కాదు. డాక్టరు చదువు చదివొచ్చిన ఆవిడకి కూడా, ఆవిడని పంపిన క్రైస్తవ మిషన్ వాళ్ళు మొదట్లో బడి పనే అప్పజెప్పారు. అయినా ఇళ్ళకి వెళ్ళి వైద్యం చేసింది. ఏలూరు జమీందారు మంత్రిప్రెగడ భుజంగరావు గారు తన ఇంట్లోవాళ్ళకి వైద్యం చేసిన కృతజ్ఞతతో, రోగుల బంధువులు ఉండటానికి ఆసుపత్రి ఎదురుగా సత్రం కట్టించారు. ఆయన క్రైస్తవుడు కాదు.

పల్నాటి మాస్టారు:
సత్రం గురించి నేనడగలేదమ్మా. పతకం తిరిగిచ్చారా లేదా?

కొత్తపేట కుర్రాడు:
మాస్టారు ఆ ఒక్కటే పట్టుకున్నారు. 1905 నాటికి జలియన్‌వాలాబాగ్ జరగనే లేదు కదండీ.

పల్నాటి మాస్టారు:
బాబూ, 1917 తర్వాత ఆవిడ పదమూడేళ్ళు బతికారు. ఆ పదమూడేళ్ళలో ఈ జిల్లాలోనే ఏమేం జరిగాయో చదువుకో.

రిటైర్డ్ నర్సు:
మీ కోపం పతకం మీద కాదు, మిషన్ మీద. సూటిగా అనండి.

పల్నాటి మాస్టారు:
అవును, మిషన్ మీదే. అనిపించారు కాబట్టి వినండి. మా అమ్మని ఒక మిషన్ ఆసుపత్రిలో చేర్చాం. ఏ ఊరో, ఏ ఆసుపత్రో చెప్పను. ఆపరేషన్‌కి ముందు మంచం చుట్టూ నిలబడి, కళ్ళు మూసుకోమని ప్రార్థన చేశారు. అమ్మ కళ్ళు మూసుకోలేదు, నా చెయ్యి గట్టిగా పట్టుకుని నా వంకే చూస్తూ పడుకుంది. వైద్యం బాగా చేశారు, కాదనను. కానీ కాదనలేని స్థితిలో ఉన్న మనిషి ముందు ఆ ప్రార్థన ఎందుకు? నలభై ఏళ్ళయినా ఆ చూపు మర్చిపోలేదు.

తెనాలి రమ:
మాస్టారూ, ఈ మాట మొదటే చెప్పాల్సింది.

రిటైర్డ్ నర్సు:
మీ అమ్మగారిని అడక్కుండా అలా చెయ్యడం తప్పే. నేను చేసిన వార్డుల్లో అడిగేవాళ్ళం. ఇప్పుడు మా నాయనమ్మ సంగతి వినండి. మాది మాలపల్లె. చిన్నప్పుడు జ్వరమొస్తే వైద్యుడు వాకిట్లోనే నిలబెట్టి, మణికట్టు మీద పట్టుగుడ్డ కప్పించి, దాని మీంచి నాడి చూశాడట. మందు పొట్లం నేల మీద పెట్టి వెనక్కి జరిగాడట. తర్వాత మిషన్ డాక్టరమ్మ ఒకావిడ ఉత్త చేత్తో పొట్ట నొక్కి చూసిందని చచ్చేదాకా చెప్పుకుంది. ప్రార్థన కూడా చేశారట. మా నాయనమ్మకి గుర్తున్నది మాత్రం చెయ్యే. మీకేమో ఆ ఆసుపత్రి చాలా ఆసుపత్రుల్లో ఒకటి. మాకు అదొక్కటే.

కొత్తపేట కుర్రాడు:
మా అమ్మ పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలోనే.

పల్నాటి మాస్టారు:
ఆ పట్టుగుడ్డ మాకు చెందిన సిగ్గు. దానికి జవాబు నా దగ్గర లేదు. కానీ ఆ సిగ్గు చూపించి మా అమ్మ భయాన్ని కొట్టెయ్యకండి.

రిటైర్డ్ నర్సు:
కొట్టెయ్యను. మీరు కూడా పతకం చూపించి ఆ చేతిని కొట్టెయ్యకండి.

లైబ్రరీ అబ్బాయి:
బోర్డు మీద ఇంకో మూడు లైన్లకి చోటుంది. పతకం లైను ఉంచుతున్నాను. ఆవిడ మిషనరీ అని కూడా రాస్తాను, అది నా డ్రాఫ్టులో లేదు.

పల్నాటి మాస్టారు:
పతకం ఇచ్చిందెవరో పేరు పెట్టి రాయండి. ఉంచడానికి నేనింకా ఒప్పుకోలేదు.